తల్లి పోసిందని చెప్పాను

దీన్ని రోగం అనొచ్చో లేదో నాకు తెలియదు. దానంతట అది వచ్చింది కాదు. నేనే వెళ్లి, నేనే కుర్చీలో పడుకుని, కోరి తెచ్చుకున్నది. అందుకే చాలా రోజులు ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు కన్ను బాగుంది. చెంప నెమ్మదించింది. నాలాంటి ఆడవాళ్లు చాలామంది ఇదే పని చేయించుకుందామని ఫోన్లలో వెతుకుతున్నారని తెలుసు కాబట్టి వాళ్ల కోసం రాస్తున్నాను. కొంత నా కోసం కూడా. ఇవాళ మళ్లీ నాకది చేసిన డాక్టరమ్మ క్లినిక్‌లో, అదే సోఫాలో కూర్చున్నాను. ఊరికే కూర్చోలేకపోతున్నాను. చేతికి ఏదో ఒక పని ఉండాలి.

పతంగుల పండుగ అయిపోయాక

నా పేరు స్వరూప. మాది జగిత్యాల వైపు. పెళ్లై సూరత్ వచ్చి పన్నెండేళ్లు. మా ఆయన రవీందర్ ఖటోదరాలో సాంచాల మీద పని చేస్తాడు. మరమగ్గాన్ని మా వైపు సాంచా అంటాం. నేను ఇంట్లోనే ఫోను పెట్టుకుని లైవ్‌లో చీరలు అమ్ముతాను. పొద్దున పదకొండింటికి ఫోను ముందు నిలబడితే కరీంనగర్, నిజామాబాద్, మంచిర్యాల ఆడవాళ్లు వంట మధ్యలో చూసి ఆర్డర్లు పెడతారు.

చీర అసలు రంగు ఫోనులో సరిగ్గా తెలియదు. అందుకని కొంగు తీసి చెంప పక్కన ఆనించి చూపిస్తాను. మనిషి ఒంటి రంగు పక్కన పెడితే చూసేవాళ్లకు అంచనా దొరుకుతుంది. లైవ్‌లో చీరలు అమ్మే వాళ్లందరూ చేసే పనే ఇది. కాకపోతే నా చెంపలు అలా చూపించుకోవడానికి అనువైనవి కావు. పదహారో ఏట వచ్చిన మొటిమలు రెండు చెంపల నిండా గుంటలు పెట్టి పోయాయి. పౌడరు వేస్తే ఆ గుంటల్లోకి దిగి ఇంకా బాగా కనిపిస్తాయి.

సంక్రాంతి పతంగులు దిగాక ఒకరోజు ఆకుపచ్చ జార్జెట్ చూపిస్తుంటే కింద ఎవరో రాశారు. "అక్కా, చీర మంచిగున్నది. కొంగు జర దూరం పట్టు, గుంటలే కనిపిస్తున్నయ్." ఇంకొకామె నవ్వుతున్న బొమ్మ పెట్టింది. నేనూ నవ్వాను. "గుంటలు ఫ్రీ అక్కా, చీరకే పైసలు" అన్నాను. అందరూ నవ్వారు. లైవ్ అయిపోయాక బాత్రూమ్‌లో నల్లా తిప్పుకుని ఏడ్చాను.

ఇంట్లో ఈ మాట ఎత్తడానికి లేదు. ఎందుకంటే మా ఇంట్లో మా అత్తమ్మ ఉంది. పేరు రాజవ్వ. ఆమెకు ఏడో ఏట పెద్దతల్లి పోసింది. మశూచి అన్నమాట. నుదురు, ముక్కు, చెంపలు, ఎక్కడా వేలు పెట్టేంత నున్నని చోటు మిగల్లేదు. ఫొటో తీస్తామంటే ఆమె కూడా కొంగు చెంప దగ్గరికే తెచ్చుకుంటుంది, సగం ముఖం కప్పేసుకోవడానికి. మా ఇంట్లో ఉన్నది ఒకటే అద్దం. పన్నెండేళ్లలో ఆమె అందులో చూసుకోగా నేను చూడలేదు. గడపలో కూర్చుని చేతి అంచనాతోనే తల దువ్వుకుంటుంది, బొట్టు పెట్టుకుంటుంది. ఒక్కరోజూ ఆ బొట్టు వంకరపోలేదు. అలాంటి మనిషి ముందు కూర్చుని నా మొటిమల గుంటలకు వైద్యం చేయించుకుంటానని ఏ నోటితో చెప్పను?

గుంటూరు నుంచి వచ్చిన ఒక తెలుగు డాక్టరమ్మ ఇక్కడ చర్మానికి క్లినిక్ పెట్టిందని తెలిసి వెళ్లాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. "సన్నని సూదులతో చర్మం మీద చిన్న చిన్న పోట్లు పెడతామండీ. మైక్రోనీడ్లింగ్ అంటే అదే. మీ చేతి నుంచి కొంచెం రక్తం తీసి మిషన్‌లో తిప్పితే, పైన పసుపుపచ్చగా తేలుతుంది. దాన్ని పీఆర్‌పీ అంటారు. ఆ పోట్ల మీద అది వేస్తాం. చర్మం తనను తాను మాన్పుకుంటూ కొత్తగా వస్తుంది. మొత్తం పోతాయని మాత్రం నేను చెప్పను. తగ్గుతాయి."

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.

"నీ రక్తం దీసి నీ మొఖానికే పూస్తరా?" అన్నాడు. "సరిపోకపోతే నా రక్తం గూడ ఇయ్యాల్నా?"

"వద్దు. అది నేను దినాం తాగుతనే ఉన్న గద."

నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మకు మాత్రం జెప్పకు. బాధ వడ్తది" అన్నాడు. నాకు కావలసిన మాట అదే. హోలీ కాగానే అత్తమ్మ ఊరి చివర ఉన్ అనే పేటలో ఉండే మా ఆడబిడ్డ ఇంటికి వారం రోజులు వెళ్తుంది. ఆ వారంలో పని కానిచ్చేయాలని ఇద్దరం అనుకున్నాం. ముఖం ఎర్రగా ఉండేది రెండు మూడు రోజులే కదా, ఆమె వచ్చేసరికి ఏమీ కనిపించదు.

శుక్రవారం

ఆ రోజు ఇదే సోఫాలో కూర్చున్నాను. ఎదురుగా గోడ నిండా ముఖాల ఫొటోలు. ఎడమవైపు ముందు, కుడివైపు తర్వాత. ఎవరి ఫొటోలోనూ మధ్యలో ఏం జరిగిందో లేదు. నాకు కావలసింది ఆ మధ్యదే.

ముఖానికి మొద్దుబారే క్రీము రాసి కూర్చోబెట్టారు. చేతి నుంచి రక్తం తీశారు. సూది గుచ్చినందుకు కాదు గానీ, నా రక్తం గాజు గొట్టంలో మిషన్‌లోకి వెళ్లి గిర్రున తిరుగుతున్న చప్పుడు వింటుంటే భయం వేసింది. బయటికి తీసినప్పుడు పైన పసుపు, కింద ఎరుపు. నాలో ఇంత పచ్చని నీరు ఉందని అప్పటిదాకా తెలియదు. క్రీము రాసినా సూదులు దిగుతుంటే నుదుటి మీద, ముక్కు పక్కన నొప్పి బాగానే తెలిసింది. కళ్లలోంచి నీళ్లు వాటంతట అవే కారిపోయాయి. అక్కడ పనిచేసే ఒక గుజరాతీ ఆమె, పేరు కూడా అడగలేదు నేను, వచ్చి నా చేయి పట్టుకుంది. "డరో నహీ బేన్", భయపడకమ్మా అంటూ అయిపోయేదాకా వదలలేదు.

వెళ్లేటప్పుడు డాక్టరమ్మ తన చేత్తోనే తెలుగులో ఒక కాగితం రాసిచ్చింది. రేపటి దాకా నీళ్లు తగలొద్దు. ఎండ వద్దు, పొయ్యి సెగ వద్దు. నేనిచ్చిన క్రీము తప్ప ఇంకేమీ పూయొద్దు. 'ఇంకేమీ' కింద రెండు గీతలు కొట్టింది. మడిచి పర్సులో పెట్టుకున్నాను.

చున్నీ ముఖానికి చుట్టుకుని రిక్షాలో ఇంటికి వచ్చాను. తాళం వేసి వెళ్లిన తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల అత్తమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. ఆడబిడ్డ అత్తగారి వైపు చుట్టాలు దిగారట, ఇరుకుగా ఉందని మధ్యాహ్నానికే తిరిగి వచ్చేసింది.

"ఎండల ఏడికి వోయినవే? మొఖం గట్ల సుట్టుకున్నవేంది?" అంటూ లేచి వచ్చి చున్నీ పక్కకు లాగింది. ఎర్రగా ఉబ్బి, సన్నని చుక్కలతో నిండిన నా ముఖం చూసి చేతిలో కత్తి కింద పెట్టేసింది.

"ఓ అవ్వా! తల్లి వోసిందానే?"

ఒంటి మీద పొక్కులు లేస్తే మా వైపు జబ్బు అనరు. దేవత వచ్చి ఒంటి మీద కూర్చుందని, తల్లి పోసిందని అంటారు. ఎండలు ముదిరే రోజులు, అడిగిన మాటలో తప్పేమీ లేదు. కాదని చెబితే మిగతా కథంతా చెప్పాలి. ఆ ముఖం చూస్తూ చెప్పాలి. నేను తల ఊపాను. అంతే. నోరు విప్పి ఒక్క మాట కూడా అనలేదు.

అత్తమ్మ చెప్పులు విడిచి, తల మీద కొంగు కప్పుకుని, నా ముందు రెండు చేతులు జోడించింది. "సల్లంగ వచ్చినవా తల్లీ. సల్లంగనే పో. పిల్ల ఎరుకలేనిది" అంది. పన్నెండేళ్లుగా నా చాయ్‌లో చక్కెర ఎక్కువైందని తిట్టే మనిషి నాకు దండం పెడుతోంది. నిజం చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు.

శనివారం, ఆదివారం

తెల్లారేసరికి గుమ్మానికి యాపమండలు వేలాడుతున్నాయి. ఎనిమిదేళ్ల నా కూతుర్ని అంటుకుంటుందని, ఇరుకైనా సరే ఉన్‌లో మేనత్త ఇంటికే పంపించేశారు. వెళ్తూ అది గుమ్మం అవతల నుంచే చేయి ఊపింది. పప్పులో పోపు లేదు, ఇంట్లో కారం లేదు. నాకు పెరుగన్నం. అత్తమ్మకూ అదే, నా కోసం ఆమె కూడా కారం మానేసింది. మండే సిమెంటు గచ్చు మీద చెప్పులు లేకుండా తిరుగుతూ, నా పక్కన కూర్చుని యాపరెమ్మతో విసురుతోంది. గల్లీలో వాళ్లు మా ఇంటి వైపు రావడం మానేశారు.

మా ఆయన రాత్రి పాళీ, అంటే షిఫ్టు, దిగి వచ్చి, గుమ్మం చూసి నిలబడిపోయాడు. అత్తమ్మ నీళ్లకు వెళ్లగానే గుసగుసగా అన్నాడు.

"గిదేందే?"

"నువ్వే జెప్పద్దంటివి గద."

"నేను జెప్పద్దన్న. తల్లి వోసిందని జెప్పుమన్ననా?"

"మరి ఇప్పుడు నువ్వు జెప్పు."

"నువ్వు జెప్పినవ్, నువ్వే జెప్పు."

ఇద్దరం అలా ఒకరి మీదికి ఒకరం తోసుకుంటుండగానే ఆమె వచ్చేసింది. చేతిలో గిన్నె. యాపాకు, పసుపు కలిపి రోట్లో మెత్తగా నూరింది. పొద్దున్నుంచి ఆ రోలు చప్పుడు వింటూనే ఉన్నాను. అది నా కోసమని ఎందుకో తట్టలేదు.

"ఇటు తిరుగు తల్లీ" అంది.

పర్సులో కాగితం ఉంది. దాని మీద రెండు గీతలు ఉన్నాయి. మా ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ఆమె ఆలోపే వేళ్లతో తీసి చెంప మీద పెట్టింది. మంట నెత్తికెక్కింది. ఎంత మెల్లగా పూసిందో చెప్పలేను. మా అమ్మ కూడా నన్ను అంత మెల్లగా ముట్టుకున్న గుర్తు లేదు. ఆమె అటు వెళ్లగానే కడిగేసుకుందామనుకున్నాను. ఆమె అటు వెళ్లలేదు. తల్లి ఉన్నప్పుడు ముఖం కడగకూడదు. ఐదో రోజు ఆమే నీళ్లు పోయాలి.

ఆదివారం మళ్లీ పూసింది. సాయంత్రానికి దురద మొదలైంది. దురద మానుతున్న గుర్తని నాకు నేనే చెప్పుకున్నాను.

సోమవారం

పొద్దున లేచేసరికి కుడి కన్ను సగమే తెరుచుకుంది. చెంప గట్టిగా, వేడిగా ఉంది. తెల్లని చీము మొనలు వరసగా లేచాయి. అద్దంలో చూసుకున్నాను. ఈ ముఖం ఇలాగే ఉండిపోతుందనే ఆలోచన మొదట వచ్చింది. కన్ను పోతుందనే ఆలోచన తర్వాత వచ్చింది. ఆ వరస తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

అత్తమ్మ మాత్రం ఆ చీము మొనలు చూసి ఊపిరి పీల్చుకుంది. "నిండుగ వోసింది. లోపల ఉంచుకోకుండ బయటికి వచ్చింది. ఇగ భయం లేదు" అంది. నేను చెప్పిన అబద్ధం నిజం వేషం వేసుకుని నా ముఖం మీదికి వచ్చి కూర్చుంది.

దుప్పటి కింద ఫొటో తీసి డాక్టరమ్మకు పంపాను. నిమిషంలో ఫోన్ వచ్చింది. "ఏం పూశారు? సరే, ఇప్పుడే రండి. వాపు కంటి దాకా వచ్చింది. రేపటిదాకా ఆగొద్దు."

లేచి చున్నీ తీసుకున్నాను. అత్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏడికి?"

"దవాఖానకు అత్తమ్మా."

"తల్లి ఒంటి మీద ఉండంగ దవాఖానకా? నీకేమన్న తలకాయ ఖరాబైందా?"

"కన్ను వాసింది."

"వాస్తది. రేపు నీళ్లు వోస్తే దిగుతది. సూది ముట్టిస్తే తల్లి కోపం జేస్తది. కండ్లు గుంజుకపోతది." ఆమె తలుపు రెక్కను గట్టిగా పట్టుకుంది. "మా చెల్లెకు నాతోనే వోసింది. దానికి ఐదేండ్లు. మా నాయిన వశపడక దాన్ని సైకిలు మీద దవాఖానకు తీస్కవోయిండు. సూది వేపిచ్చిండు. మూడోనాడు పోయింది. నేను ఇంట్లనే ఉన్న. బతికిన. నిన్ను పోనియ్య."

ఆమెకు ఒక చెల్లెలు ఉండేదని పన్నెండేళ్లలో నాకు తెలియదు. ఈ నాలుగు రోజులూ ఈమె నాకు విసిరింది, కారం మానింది, చెప్పులు విడిచింది, అంతా ఆ చెల్లెలు గుర్తుండే. నేను తల ఊపినప్పుడు ఆమెను ఎక్కడికి తీసుకెళ్లి పడేశానో అప్పుడు అర్థమైంది.

"అత్తమ్మా, ఇది తల్లి కాదు."

ఆమె కదల్లేదు.

"నేనే పొడిపిచ్చుకున్న. సూదులతోని. శుక్రవారం. గుంటలు పోతయని. నువ్వు ఉన్ పోయినవ్ గద అని పోయిన. వచ్చేవరకు నువ్వు ఇంట్ల ఉన్నవ్. అడిగినవ్. తల ఊపిన."

కాగితం తీసి చదివి వినిపించాను. 'ఇంకేమీ పూయొద్దు' అన్నది రెండుసార్లు చదివాను. ఆమె తన అరచేతులు చూసుకుంది. వేళ్ల సందుల్లో పసుపు ఇంకా ఉంది.

"నేను పూసిన గద" అంది. "పూస్తుంటె వద్దని ఎందుకనలే?" అని అడిగింది.

నేను కాగితాన్ని మళ్లీ మడిచాను. ఆమె చేయి చాచి గుమ్మానికి ఉన్న యాపమండలు తెంపి పక్కన పెట్టింది. నాలుగు రోజుల తర్వాత చెప్పులు వేసుకుంది.

"తిట్టుడు తర్వాత. ముందుగాల కన్ను. నడువు."

క్లినిక్‌లో ఈ సోఫా మీద ఆమె అంచున కూర్చుంది. నూనె లేక రేగిన జుట్టు, చేతులకు పసుపు, ఒంటికి యాపాకు వాసన. చుట్టూ సెంటు వాసనలు. శుక్రవారం నా చేయి పట్టుకున్న ఆమె మంచినీళ్లు తెచ్చి "పియో బా, పానీ పియో" అని ఇచ్చింది. అత్తమ్మ గ్లాసు పట్టుకునే ఉంది, తాగలేదు.

లోపల డాక్టరమ్మ అడిగింది. "ఏం పూశారు? ఎవరు పూశారు?"

"నేనే బిడ్డా" అంటూ అత్తమ్మ లేచి నిలబడింది. "యాపాకు, పసుపు. తప్పు నాదే."

"కాదు మేడమ్, నాది. నేను అబద్ధం చెప్పాను."

"తప్పెవరిదో ఇంటికెళ్లి తేల్చుకోండి. ముందు కన్ను తెరవండి" అంది డాక్టరమ్మ.

తర్వాతి రోజులు

నాలుగు రోజులు పొద్దున, సాయంత్రం ఇంజెక్షన్లు. కంటి డాక్టరు దగ్గరికి కూడా పంపించారు. అక్కడ ఆయన కంటి రెప్ప ఎత్తి వెలుతురు వేసి చూశాడు. అంతసేపూ నేను మొక్కని దేవుడు లేడు. చివరికి "ఆంఖ్ ఠీక్ హై" అన్నాడు. కన్ను బాగానే ఉందన్న ఆ మాటకు అక్కడే కుర్చీలో వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తమ్మ నా వీపు మీద చేయి వేసింది. మాట్లాడలేదు.

మాట్లాడకపోవడం అక్కడితో ఆగలేదు. ఇంటికొచ్చాక వేళకు అన్నం పెట్టేది, మాత్రలు తెచ్చి చేతిలో పెట్టేది, ఇంజెక్షన్‌కు నాతో వచ్చేది. నాతో మాత్రం మాట లేదు. కొడుకును ఒక్కసారే అడిగింది. "నువ్వు గూడ నన్ను ఎడ్డిదాన్ని జేస్తివి గద రవీ?" ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. తిడితే బాగుండేదని ఇద్దరికీ అనిపించింది. తర్వాత తిడతానన్న మనిషి తిట్టలేదు.

డాక్టరమ్మ ఆమెకు విడిగా చెప్పింది. "పసుపూ వేపాకూ చెడ్డవని కాదమ్మా. పచ్చి పోట్ల మీద రోట్లో నూరింది పెట్టకూడదు, అంతే. మీకు తెలిస్తే మీరు పెట్టేవారే కాదు." అత్తమ్మ ఆ చివరి మాటకు నా వైపు చూసింది.

వైశాఖం

వాపు పోయింది. చీము పోయింది. కుడి చెంప మీద ఎముక నుంచి దవడ దాకా గోధుమరంగు మచ్చ మిగిలింది. గుంటలు పోగొట్టుకోవడానికి వెళ్లి, గుంటలు అలాగే ఉంచుకుని పైన మచ్చ తెచ్చుకున్నాను. తగ్గుతుందని డాక్టరమ్మ అంటుంది. ఎన్నాళ్లకు అంటే, నెలలు అంటుంది. మొత్తం పోతుందా అంటే, చూద్దాం అంటుంది. ఆ 'చూద్దాం' నన్ను నిద్రపోనివ్వలేదు.

పెళ్లిళ్ల కాలం. చీరలు అమ్ముడుపోయేదే అప్పుడు. లైవ్ పెట్టలేదు. "అక్కా ఏడున్నవ్?" అని మెసేజ్‌లు వచ్చేవి. తర్వాత తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. నేను రోజంతా అద్దం దగ్గరే. కిటికీ వెలుతురులో ఒకసారి, లైటు కింద ఒకసారి. నిన్నటికి ఇవాళ్టికి తేడా ఉందనిపించి సంతోషం, సాయంత్రానికి లేదనిపించి దిగులు.

ఒక మధ్యాహ్నం గడపలో బియ్యం ఏరుతూ అత్తమ్మ మాట్లాడింది. నెల దాటాక మొదటి మాట.

"దినాం ఎన్నిసార్లు జూస్తవే అద్దంల?"

"పోతదో పోదో అని భయమైతుంది అత్తమ్మా."

"నాకెందుకు జెప్పలే?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నీ ముందట నా గుంటల ముచ్చట ఏం మొఖం పెట్టుకొని జెప్పాలె?"

ఆమె చేటలో రాళ్లు వెతుకుతూనే ఉంది. "నా మొఖం జూస్తె నీకు జాలైందా, సిగ్గైందా?"

"రెండు అయినయ్."

"మంచిది. నిజం జెప్పినవ్." ఒక రాయి తీసి బయటికి విసిరింది. "పన్నెండేండ్ల సంది జాలి వడ్డవ్. ఒక్కనాడన్న అడుగకపోతివి. నాకు గూడ ఉండెనేమో."

"ఏం ఉండె?"

బియ్యం కడగాలని లేచి వెళ్లిపోయింది.

ఇవాళ

మొన్న మూడో నెల చూపించుకోవడానికి వచ్చాం. మచ్చ సగానికి సగం తగ్గిందని డాక్టరమ్మ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. లేవబోతుంటే అత్తమ్మ కదల్లేదు.

"బిడ్డా" అంది డాక్టరమ్మతో. "పెద్దతల్లి మచ్చలకు గూడ జేస్తరా?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె గడ్డం కింద చేయి పెట్టి, వెలుతురు వైపు తిప్పి చూసింది. ఆ ముఖాన్ని ఎవరైనా అలా పట్టుకుని చూడటం నేను మొదటిసారి చూశాను.

"చేయొచ్చమ్మా. చాలా పాతవి, లోతైనవి. పోవు. కొంచెం మెత్తబడతాయి. అదీ మూడు నాలుగుసార్లు చేస్తేనే."

"నొప్పైతదా?"

"అయితది" అన్నాను నేను.

"నిన్నడగలే." నా వైపు తిరిగింది. "ఇంట్ల మాత్రం అందరికి జెప్పే జేపిచ్చుకుంట. నీ లెక్క తల ఊపుడు నాకు రాదు."

నెలల తర్వాత ఆమె నన్ను ఆటపట్టించిన మొదటి మాట అది. ఏడ్వాలో నవ్వాలో తెలియలేదు.

అన్నట్టే గల్లీ అంతా చెప్పింది. ఉన్‌లో కూతురికి చెప్పింది. రక్త పరీక్షలు చేయించి, షుగరు లేదని తేలాక, ఇవాళ రమ్మన్నారు. ఆమె లోపల ఉంది. మా ఆయన సాంచాల దగ్గర నుంచి ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశాడు. మిషన్ గిర్రున తిరిగే చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. ఈసారి అందులో తిరుగుతున్నది ఆమె రక్తం. నా వంతప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. ఆ సూదులు చూసి ఆమెకు చెల్లెలు గుర్తొస్తుందేమో. ఏమైనా తేడా వస్తే ఈ వయసులో ఎలా తట్టుకుంటుంది. నా అబద్ధం వల్లే కదా ఆమె ఈ గుమ్మం ఎక్కింది. మంచో చెడో, నా లెక్కలోనే పడుతుంది.

నేను పోయిన వారం లైవ్ మొదలుపెట్టాను. పౌడరు లేకుండా, కొంగు కుడి చెంపకే ఆనించి చూపించాను. "అక్కా, ఆ మచ్చ ఏంది?" అని ఎవరో అడిగారు. మొత్తం చెప్పాను. చీరలు తక్కువే అమ్ముడయ్యాయి గానీ, లైవ్ అయ్యాక పదిమంది ఫోన్ చేసి చేయించుకోవాలా వద్దా అని అడిగారు. చేయించుకోమనీ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. ముఖం మీద ఏం చేయించుకున్నా ఇంట్లో చెప్పి చేయించుకోండి అన్నాను. పచ్చి పోట్ల మీదికి వచ్చేది పగవాళ్ల చేయి కాదు, మనమంటే ప్రేమ ఉన్న చేయే. ఆ చేతికి ముందే తెలియాలి.

ఇక్కడిదాకా రాశాక తలుపు తెరుచుకుంది. మిగతాది ఇంటికి వచ్చి రాస్తున్నాను.

ఆ గుజరాతీ ఆమె చేయి పట్టుకుని అత్తమ్మ బయటికి వచ్చింది. ముఖం ఎర్రగా, తడిగా ఉబ్బి ఉంది. సోఫాల మీద అందరూ తలెత్తి చూశారు. నేను లేచి ఆమె కొంగు అందుకుని ముఖానికి కప్పబోయాను. ఆమె దాన్ని కిందికి లాగేసింది.

"అద్దమేదే?" అంది.

నా పర్సులో అద్దం లేదు. ఫోను తీసి, లైవ్ పెట్టే కెమెరా తెరిచి, ఆమె ముందు పట్టుకున్నాను. నా చేయి వణుకుతుంటే తెరలో ఆమె ముఖం కదిలిపోతోంది. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపింది.

"జర సక్కగ పట్టు" అంది. "జూసుకోనియ్యి."